రెలింక్విష్ అనే మాట చెప్పిన వారం

మార్టూరులో ఒక ప్రైవేటు స్కూల్లో నేను తొమ్మిది, పది తరగతులకు ఇంగ్లీషు చెబుతాను. మా నాన్న అదే స్కూలుకు బస్సు నడిపేవాడు. మా ఊరి నుంచి మిరప చేల మధ్యగా, పత్తి చేల మధ్యగా పోయే సన్నపాటి తారు రోడ్డు మీద, దారిలో ఇంకో మూడు ఊళ్ళ పిల్లల్ని ఎక్కించుకుంటూ వెళ్ళాలి. రాత్రిళ్ళు బస్సు నాన్న వాళ్ళ ఇంటి ముందే ఉండేది. మా ఆయన గ్రానైటు పాలిషింగ్ యూనిట్లో పనికి పొద్దున్నే బండి మీద వెళ్ళిపోతాడు. నేనూ, రెండో తరగతి చదివే మా పాపా పక్క వీధిలోంచి నడుచుకుంటూ వచ్చి బస్సెక్కేవాళ్ళం.

అంతకు ముందు నాన్న చాలా ఏళ్ళు రాళ్ళ లారీలు తోలాడు. ఒంగోలు నుంచి మద్రాసు ఓడరేవు దాకా ఆయనకు తెలియని మలుపు లేదు. ఇన్నేళ్ళలో ఒక్క కోడిపిల్లను కూడా తొక్కలేదని చెప్పుకునేవాడు. అది గొప్ప కాదు, నిజమే. అందుకే ఊళ్ళో పిల్లల్ని బస్సెక్కించిన తల్లులు వెంటనే వెనక్కి తిరిగి పనుల్లోకి వెళ్ళిపోయేవారు. బస్సు కనుమరుగయ్యేదాకా ఎవరూ నిలబడి చూసేవారు కాదు.

నాకు మొదటిసారి భయం వేసింది పత్తి తీతలు జరుగుతున్న రోజుల్లో. ఆ పొద్దున మంచు బాగా పట్టింది. నేను ముందు సీట్లో కూర్చుని తొమ్మిదో తరగతి వాళ్ళ నోట్సులు దిద్దుకుంటున్నాను. రోడ్డు ఎడమ అంచున పత్తి కూరిన బోరేలు, అంటే పెద్ద పెద్ద గోతాలు, వేసుకున్న ట్రాక్టరు ఒకటి ఆగి ఉంది. దానికి వెనక లైటు లేదు. బోరేలు ట్రక్కులోంచి రోడ్డు మీదకు పొంగి ఉన్నాయి. బస్సులో పిల్లల్ని చూసుకునే ఆయమ్మ మెట్టు దగ్గర నిలబడి ఉంది.

"అన్నా! ఎడం పక్క! ఎడం పక్క చూడన్నా!" అని ఒక్క అరుపు అరిచింది.

నాన్న బ్రేకు తొక్కి స్టీరింగు కుడికి తిప్పాడు. బోరేలు కిటికీలను రాసుకుంటూ వెనక్కి పోయాయి. పిల్లలు అదేదో ఆటన్నట్టు కేరింతలు కొట్టారు.

"చూశాలేమ్మా, ఎందుకంత అరుపు?" అన్నాడు నాన్న.

ఆయమ్మ నా వంక చూసింది. నేనూ ఆమె వంక చూశాను. నాన్న చూడలేదని ఇద్దరికీ తెలిసిపోయింది. నోట్సులు మూసేశాను. ఆ తర్వాత బస్సులో నేను ఒక్క పేజీ కూడా దిద్దలేదు.

ఒకసారి అనుమానం వచ్చాక ప్రతిదీ కనిపిస్తుంది. అమ్మ టీ గ్లాసు పక్కన పెడితే నాన్న చెయ్యి తగిలి ఒలికిపోయేది. గుమ్మం దాటేటప్పుడు భుజం తలుపు చెక్కకు కొట్టుకునేది. ఎవరైనా పక్కనుంచి పలకరిస్తే కళ్ళు కాకుండా తల మొత్తం అటు తిప్పేవాడు. వయసు మీద పడుతోంది కదా అనుకుని అమ్మ పట్టించుకోలేదు. నేనూ అలాగే అనుకుని ఉండేదాన్నేమో, ఆ ట్రాక్టరు లేకపోతే.

ఆ వారమే తొమ్మిదో తరగతి పాఠంలో రెలింక్విష్ అనే మాట వచ్చింది. పుస్తకం చివర అర్థాల పట్టికలో వదులుకొనుట అని ఒక్క ముక్క ఇచ్చి ఊరుకున్నారు. పిల్లలకు అలా చెబితే వాళ్ళు ప్రతి చోటా అదే వాడేస్తారని నాకు తెలుసు. అయినా వాక్యాలు చెప్పమన్నాను.

"ఐ రెలింక్విష్డ్ మాథ్స్" అన్నాడు వెనక బెంచీ వాడొకడు. క్లాసంతా నవ్వింది.

"మా నాన్న సిగరెట్లు రెలింక్విష్ చేశాడు టీచర్" అంది ఇంకో పిల్ల.

అక్కడ ఆపాను. సిగరెట్లకు ఇంగ్లీషువాళ్ళు గివప్ అనే అంటారని చెప్పాను. రెలింక్విష్ కాస్త పెద్దరికం ఉన్న మాట, ఇంట్లో మాట్లాడుకునేది కాదు. పదవి, హక్కు, అధికారం, పట్టు, ఇలాంటివాటికి వాడతారు. మన చేతిలో ఉన్నదాన్ని, మనదే అయినదాన్ని విడవడం. దాని వెనక ఏం విడుస్తున్నామో తప్పకుండా చెప్పాలి, ఉత్తగా రెలింక్విష్ చేశాను అంటే వాక్యం పూర్తి కాదు. ఎవరికి అప్పగించామో చెప్పాలంటే టు అని చేర్చాలి. ఇష్టంగా విడిచినా ఆ మాటే, మనసొప్పక విడిచినా ఆ మాటే. చాలాసార్లు మనసొప్పకే.

తెలుగులో ఇంకా తేలిగ్గా చెప్పొచ్చనిపించింది. "వదిలేశాను అంటే ఎలా ఉంది? దులిపేసుకున్నట్టు ఉంది కదా. వదులుకున్నాను అంటే?"

మొదటి బెంచీలో ఉండే ఒక పిల్ల లేచింది. మామూలుగా నోరు తెరవని పిల్ల. "వదులుకున్నాను అంటే బాధగా ఉంది టీచర్" అంది. తర్వాత ఇంగ్లీషులో తడుముకుంటూ ఒక వాక్యం చెప్పింది. మా నాయనమ్మ వంటిల్లు మా అమ్మకు రెలింక్విష్ చేసింది, కానీ రోజూ గుమ్మంలో నిలబడే ఉంటుంది అని.

ఇంతకంటే మంచి వాక్యం నేను చెప్పలేను. బోర్డు మీద అదే రాయించాను. పిల్లలు రాసుకుంటూ ఉంటే కిటికీలోంచి ఆవరణలో ఆగిన బస్సు కనిపించింది. నాన్న టైరు దగ్గర గొంతుక్కూర్చుని ఏదో వెతుకుతున్నాడు. కిందపడ్డ నట్టో, స్క్రూవో. అది ఆయన చేతికి పక్కనే ఉండి ఉంటుందని నాకు అనిపించింది.

సాయంత్రం నాన్నతో మాట్లాడాను. అమ్మ డాబా మీద ఆరబోసిన మిరపకాయలు కుప్ప చేస్తోంది. నాన్న గోనె పట్టలు మడత పెడుతున్నాడు.

"నాన్నా, ఒకసారి కళ్ళు చూపించుకుందాం" అన్నాను.

"కళ్ళకేమైంది? మొన్న ఎండాకాలం డ్రైవర్లందరికీ పరీక్ష పెట్టారు. బోర్డు మీద అక్షరాలు కింద వరస దాకా చదివా."

"ఆ ట్రాక్టరు నీకు కనపడలేదు."

"కనపడింది."

"కనపడితే ఎందుకు స్లో చెయ్యలేదు?"

నాన్న గోనెపట్ట కింద పడేశాడు. "ఏంది నువ్వు నాకు నేర్పేది? నేను స్టీరింగు పట్టుకునేనాటికి నువ్వు పుట్టనన్నా లేదు. ఆ ఆయమ్మ నీకేమైనా ఎక్కించిందా?"

అమ్మ చేట కింద పెట్టింది. నెమ్మదిగా అంది. "మందుల షాపులో అడిగి కంట్లో చుక్కలు తెచ్చుకుని వేసుకుంటన్నాడే. తలనొప్పని చెప్పాడు నాతో. నీకు చెప్పొద్దన్నాడు."

అంటే నాన్నకూ తెలుసు. ఆ సంగతి నన్ను ఇంకా భయపెట్టింది. తెలియక నడపడం ఒకటి. అనుమానం ఉండి కూడా నడపడం అంటే ఆయన ఎంత భయపడుతున్నాడో నాకు అర్థమైంది. నాన్న భయపడడం నేనెప్పుడూ చూడలేదు. ఇంక గొంతు పెంచలేదు. "రెండో శనివారం సెలవే కదా, గుంటూరు వెళ్ళొద్దాం. ఏమీ లేదంటే నేనే నోరు మూసుకుంటా" అన్నాను. ఆయన కింద పడేసిన గోనెపట్ట తీసి మళ్ళీ మడత పెట్టాడు.

శనివారం దాకా రోజూ బస్సెక్కాను. ఆయమ్మ మెట్టు దగ్గరే నిలబడి, ఎడమ వైపు ఏది వచ్చినా ముందే పాటలా చెబుతూ వచ్చింది. "సైకిలన్నా, గొర్రెలన్నా, ముసలాయనన్నా." నాన్న విసుక్కోలేదు. అదే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది. నేను పాపను కిటికీ పక్కన కూర్చోనివ్వలేదు, ఒళ్ళోకి లాక్కున్నాను. నేను పెద్దపిల్లనమ్మా అని అది గింజుకునేది.

గుంటూరు కంటి ఆసుపత్రిలో అక్షరాల పరీక్ష అయ్యాక నాన్న నా వంక గెలిచినట్టు చూశాడు. కింద వరస దాకా తడబడకుండా చదివేశాడు మళ్ళీ. తర్వాత డాక్టరమ్మ కళ్ళలోకి లైటు వేసి చాలాసేపు చూసింది. ఇంకో గదికి పంపింది.

అక్కడ పెద్ద గిన్నెను పక్కకు వంచినట్టున్న తెల్లటి మిషను ఉంది. గడ్డం ఆనించి లోపలికి చూడాలి. లోపల ఎక్కడ చిన్న వెలుగు చుక్క కనిపించినా చేతిలో ఉన్న మీట నొక్కాలి. గదిలో లైట్లు తీసేశారు. నన్ను మూలన స్టూలు మీద కూర్చోమన్నారు. నాన్న వీపు ఒక్కటే కనిపిస్తోంది.

టిక్, టిక్ అని మీట చప్పుడు మొదలైంది. హమ్మయ్య అనుకున్నాను. కాసేపటికి చప్పుడు ఆగింది. మిషను మాత్రం లోపల చిన్నగా కదులుతూనే ఉంది, అంటే చుక్కలు వస్తూనే ఉన్నాయి. నాన్న కదలకుండా కూర్చున్నాడు. మళ్ళీ ఒక టిక్. మళ్ళీ నిశ్శబ్దం. నొక్కు నాన్నా, నొక్కు అని నా నోట్లో మాట అక్కడికక్కడే తిరుగుతోంది. నా చున్నీ కొస నా చేతుల్లో తాడులా పురి తిరిగిపోయింది. ఆ పరీక్ష చేసే అమ్మాయి, "పెద్దాయనా, నిద్ర పోకండి, వెలుగు కనపడితే నొక్కండి" అంది.

"నిద్ర పోవట్లేదమ్మా. ఏమీ రావట్లేదు" అన్నాడు నాన్న.

డాక్టరమ్మ కాగితం ముందు పెట్టి చూపించింది. రెండు కళ్ళకూ మధ్యలో తెల్లగా ఉంది, చుట్టూ నల్లగా కమ్ముకుంది. "నీటికాసులు అంటారు. చూపు మధ్యలో బాగానే ఉంటుంది, అందుకే అక్షరాలు చదువుతున్నారు. పక్కల నుంచి పోతూ వస్తుంది. పోయింది తిరిగి రాదండి. ఉన్నది కాపాడుకోవాలి. నేను రాసే చుక్కలు జీవితాంతం మానకూడదు. ఏం పని చేస్తారు?"

నాన్న కాగితం వంకే చూస్తున్నాడు. "స్కూలు బస్సు డ్రైవరు" అన్నాను నేను.

ఆమె పెన్ను కింద పెట్టింది. "ఇక నడపకూడదండి."

"పగటిపూట?" అన్నాడు నాన్న.

"పగలు కూడా వద్దు."

"చిన్న రోడ్డేనమ్మా అది."

"పిల్లలు చిన్నవాళ్ళే కదండీ" అంది ఆమె. కసురుకోలేదు, మెల్లగానే అంది. నాన్న తల దించుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో చిలకలూరిపేట దాటాక నాన్న, "కరస్పాండెంట్ గారికి నేనే చెప్తా. నువ్వు చెప్పమాక" అన్నాడు. స్కూలు నడిపే ఆయనను మేమందరం కరస్పాండెంట్ గారనే పిలుస్తాం. సరేనన్నాను. ఆ మాట చెప్పడమయినా ఆయనకు మిగలాలనిపించింది.

ఆదివారం పొద్దున అడిగితే ఫోను చేశాను, ఎత్తలేదన్నాడు. సాయంత్రం అడిగితే వాళ్ళింట్లో పెళ్ళి ఏదో ఉందట, సోమవారం స్కూలుకెళ్ళి ఎదురుగా చెబుతానన్నాడు.

"స్కూలుకెలా వెళ్తావు?"

"బస్సులోనే. రేపొక్కరోజు. నిమ్మళంగా పోనిస్తా."

"కుదరదు నాన్నా."

"పిల్లలు రోడ్డు మీద నిలబడి ఉంటారే. ఎవరు తీసుకుపోతారు వాళ్ళని?"

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. "రేపు పొద్దున తాళం నువ్వు తీసేసుకో, ఆయన తిట్టినా పడు" అన్నాడు. నేనే కరస్పాండెంట్ గారికి మెసేజ్ పెట్టాను. చూసినట్టు గుర్తు రాలేదు.

సోమవారం నేను మామూలుకంటే ముందే వెళ్ళాను. అప్పటికే నాన్న డ్రైవరు సీట్లో ఉన్నాడు. ఇంజను నడుస్తోంది. నేను కుడివైపు కిటికీ దగ్గరకు వెళ్ళి, "తాళం ఇవ్వు నాన్నా" అన్నాను. ఆయన నా వంక చూడకుండా, "ఎక్కు, ఆలస్యమవుద్ది" అన్నాడు. ఆయమ్మ లోపల సీట్లు తుడుస్తోంది. నాతో వచ్చిన పాప ఎప్పుడు నా పక్కనుంచి జారుకుందో నాకు తెలియలేదు. రోజూలాగే బస్సు ముందు నుంచి చుట్టి ఎడమవైపు తలుపు దగ్గరకు బయల్దేరింది. మధ్యలో చెప్పు ఊడిందో ఏమో, వంగింది.

"దిగు నాన్నా, నా మాట విను" అంటున్నాను. ఆయన గేరు వేశాడు. బస్సు కొంచెం కదిలింది. అప్పుడు బంపరు ముందు పాప రిబ్బను కనిపించింది నాకు.

నేనేం అరిచానో నాకు గుర్తు లేదు. ఆయమ్మ కూడా లోపల నుంచి అరిచింది. నాన్న బ్రేకు తొక్కాడు. బస్సు ఒక ఊపు ఊగి ఆగింది. నేను ముందుకు పరిగెత్తి పాపను రెక్క పట్టుకుని లాగాను. దానికి ఏమీ కాలేదు. చెప్పు చేత్తో పట్టుకుని బిత్తరపోయి చూస్తోంది. నేను దాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే అది నొప్పికి ఏడ్చింది.

"ఏమైంది? ఏమైందే?" అంటున్నాడు పైనుంచి నాన్న. నిజంగానే ఆయనకు తెలియలేదు.

"పాప ముందుంది నాన్నా. బస్సు ముందుంది."

ఇంజను ఆగిపోయింది. ఆయన స్టీరింగు మీద నుంచి ఒక్కో వేలూ తీసినట్టు చేతులు తీశాడు. కిందికి దిగేటప్పుడు మెట్టు దొరక్క కాలు తడిమాడు. నేను పట్టుకోబోతే వద్దన్నాడు. పాప దగ్గరకు వచ్చి దాని ముందు కింద కూర్చుని, తల మీద, భుజాల మీద, మోకాళ్ళ మీద తడిమి చూశాడు. "తాతయ్యా, చెప్పు తెగింది" అంది అది. ఆయన ఏడుస్తున్నాడు. తాళం చెవి, అరుపులకు బయటికొచ్చిన అమ్మ చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

ఈసారి కరస్పాండెంట్ గారు ఫోను ఎత్తారు. ముందు ఆయన కోపంగానే మాట్లాడారు. "శనివారమే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నారు. ఆ కోపం న్యాయమే. ఇంకో రూటు బస్సును పంపిస్తానని, పిల్లల తల్లిదండ్రులకు తను ఫోను చేయిస్తానని చెప్పారు. పెట్టేసే ముందు, "నాన్నగారు ఎలా ఉన్నారు?" అని అడిగారు. నాకు అప్పుడు ఏడుపొచ్చింది.

రెండు రోజుల తర్వాత నాన్న నన్ను పిలిచి, ఉద్యోగం మానేస్తున్నట్టు కాగితం రాసి పెట్టమన్నాడు. "ఇంగ్లీషులో రాయి, బాగుంటది. ఏమంటారు దాన్ని?"

ఉద్యోగానికి రిజైన్ అంటారని చెప్పాను.

"రిజైనంటే సంతకం పెట్టి పోవడమేగా. అదొక్కటేనా?"

నాకు వారం కిందట చెప్పిన పాఠం నోటిదాకా వచ్చింది. ఇంకో మాట ఉంది నాన్నా, చేతిలో ఉన్నదాన్ని ఇంకొకరికి అప్పగించడానికి వాడేది, అన్నాను. ఎలా పలకాలో అడిగాడు. రెలింక్విష్ అన్నాను. నాలుగుసార్లు ప్రయత్నించి, నాలిక తిరగక, "అంత కష్టమైన మాట ఎందుకులే, తెలుగులోనే రాయి" అన్నాడు. చూపు సరిగా లేనందువల్ల బస్సు అప్పగిస్తున్నాను అని రాశాను. ఆయన రెండుసార్లు చదువుకుని సంతకం పెట్టాడు.

కొత్త డ్రైవరు పక్క ఊరి మనిషి, నాన్నతో పాటు కొన్నాళ్ళు రాళ్ళ లారీల మీద తిరిగినవాడే. మొదటి రోజు దారి చూపించడానికి నాన్న బస్సెక్కాడు. నా పక్క సీట్లో కూర్చున్నాడు. ఏ ఇంటి కుక్క టైర్లకు అడ్డం వస్తుందో, ఏ పిల్లకు మలుపుల్లో వాంతవుతుందో, ఏ పిల్లాడు బస్సు ఆగకముందే లేస్తాడో చెబుతూనే ఉన్నాడు. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు ఖాళీ నేలను నొక్కింది.

"ఏం మామా, గేరు ఇంత గట్టిగా ఉందే?" అన్నాడు కొత్తాయన.

"నా చేతికి అలవాటు పడింది. నీక్కూడా పడుద్దిలే" అన్నాడు నాన్న. స్కూలు గేటు దగ్గర దిగి ఇంటికి ఆర్టీసీ బస్సులో వెళ్ళిపోయాడు. గేటు దగ్గర కూర్చునే పని ఇస్తామని కరస్పాండెంట్ గారు అన్నా ఒప్పుకోలేదు.

భయం అక్కడితో పోతుందనుకున్నాను. పోలేదు, చోటు మారింది, అంతే. నాన్న మా మిరప చేలోకి నడిచి వెళ్తాడు, ఆ రోడ్డు మీద లారీలు తిరుగుతాయి. సెల్లు మోగితే క్లాసు మధ్యలోనైనా తీసి చూస్తాను. ఒకరోజు నేను స్కూల్లో ఉండగా మోపెడ్ తీసి మిరపకాయల బస్తా వేసుకుని కల్లం దాకా పోయొచ్చాడని అమ్మ చెప్పింది. ఇద్దరం బాగా పోట్లాడుకున్నాం. మర్నాడు ఆ మోపెడ్‌ను మా ఆయన తోలుకెళ్ళి యూనిట్ దగ్గరే పెట్టేశాడు. నాన్న మాతో వారం మాట్లాడలేదు. చుక్కలు మాత్రం మానలేదు. సీసాలో మందు ఎంత తగ్గిందో నేను దొంగచాటుగా లైటుకు పట్టి చూసుకునేదాన్ని.

ఈ మధ్య మళ్ళీ గుంటూరు వెళ్ళాం. అదే గది, అదే మిషను. ఈసారి నన్ను బయటే కూర్చోమన్నారు. అది మంచిదే అయింది. డాక్టరమ్మ పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి చూసి, "పెరగలేదు. అంతే ఉంది" అంది. నాన్న డ్రైవింగు సంగతి అడుగుతాడేమో అనుకున్నాను. ఆయన, "కల్లంలో కాయ ఎత్తేటప్పుడు ఘాటుకి కళ్ళు మండుతాయమ్మా, పర్లేదా?" అని అడిగాడు. కళ్ళద్దాలు పెట్టుకోమని, ఆరు నెలలకు తప్పకుండా రమ్మని ఆమె చెప్పింది.

తిరుగు బస్సులో కూర్చున్నాక, "ఆరు నెలలంటే వానలు పడే టైము. నాట్లయ్యాక పోదాం" అన్నాడు నాన్న.

"నాట్లకు ముందే పోవాలి."

"నారు పోసి వదిలేసి పోతామా?"

"అమ్మ చూసుకుంటుంది."

"మీ అమ్మకు మడికి నీళ్ళు పెట్టడం తెలుసా?"

ముందు సీట్లో కూర్చున్న ఎవరో పెద్దమనిషి వెనక్కి తిరిగి మమ్మల్ని చూశాడు. నేను గొంతు తగ్గించాను గానీ వాదన ఆపలేదు. నాన్న కూడా ఆపలేదు. మార్టూరు వచ్చేదాకా అలాగే వాదించుకుంటూ వచ్చాం.